కోల్డ్ స్టోరేజీలో పెట్టిన పాయింట్లు

మొన్న బ్రాడీపేటలో మందుల షాపుకి వెళ్లి బీపీ బిళ్లలు తీసుకుంటుంటే, కౌంటర్లో అమ్మాయి నా ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో చూసింది.

"సార్, మీకు పాయింట్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు వాడతారా, ఉంచుకుంటారా?"

"వాడెయ్యమ్మా."

"ఇంకొన్ని చేరితే గిఫ్ట్ వస్తుంది సార్. ఆగితే మంచిది."

"వద్దు. ఉన్నవన్నీ ఇవాళే వాడెయ్యి."

నా గొంతు కాస్త గట్టిగానే లేచినట్టుంది. వెనక నిలబడ్డ మనిషి నా వంక వింతగా చూశాడు. బిళ్లలు జేబులో వేసుకుని రోడ్డు మీదకొచ్చాక అరుగు మీద కాసేపు కూర్చున్నాను. విమానం బాబాయ్ గుర్తొచ్చాడు. ఆయన పోయి రెండేళ్లు దాటింది.

ఆయన నాకు చుట్టం కాదు. మాదీ ఆయనదీ అద్దంకి దగ్గర పక్కపక్క పల్లెలు, అంతే. గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీ తరఫున శాంపిళ్లు పట్టుకుని ఢిల్లీ, బొంబాయి, కలకత్తా తిరగడం ఆయన ఉద్యోగం. నేను ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలో కాటా గుమస్తాని. ఆ కంపెనీ సరుకు మా దగ్గరే ఉండేది కాబట్టి వారానికి రెండుసార్లయినా వచ్చేవాడు. మిర్చి యార్డులో హమాలీల నుంచి షావుకార్ల దాకా అందరికీ ఆయన విమానమే. పెద్దవాళ్లు 'విమానం గారూ' అనేవాళ్లు, మాబోటివాళ్లం 'విమానం బాబాయ్' అనేవాళ్లం. అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చూసేవాడు.

పొడుగాటి మనిషి. తెల్లచొక్కా, భుజాన తుండుగుడ్డ. ఢిల్లీ వెళ్లినా ఆ గుడ్డ ఉండాల్సిందే. కంట్లో నలక పడితే ఎడమచేతి మణికట్టు వెనకవైపుతో తుడుచుకునేవాడు తప్ప వేలు తగలనిచ్చేవాడు కాదు. మిరపకాయల్లో బతికినవాళ్లందరికీ ఉండే జాగ్రత్తే అది. కానీ ఈయన నిద్రలో కూడా అలాగే తుడుచుకుంటాడని వాళ్లావిడ, మా పిన్ని, నవ్వేది. కాయని విరిచి, గింజలు అరచేతిలో దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఇది వినుకొండ వైపు కాయ. నీళ్లు సరిగా అందలేదు పాపం," అనేవాడు. కాయ గురించి చెప్తున్నాడో, పండించిన మనిషి గురించి చెప్తున్నాడో నాకు తెలిసేది కాదు.

తుండుగుడ్డ సంగతి చెప్పాలి. పాతరోజుల్లో యార్డులో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద గుడ్డ కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ పదిమంది నిలబడ్డా ఎంతకి బేరం నడుస్తోందో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి అయిదు వేళ్లూ కలిపి గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. ఆ తర్వాత గంటలో ధర పెరిగినా పడిపోయినా మాట మారదు. తర్వాత చీటీలు వచ్చాయి, రకరకాల పద్ధతులు వచ్చాయి. బాబాయ్ మాత్రం ఆ అలవాటు వదల్లేదు. ఊరికి వెళ్తూ పిన్ని చేతి మీద గుడ్డ కప్పి నాలుగు వేళ్లు పట్టుకునేవాడు, నాలుగు రోజుల్లో వస్తానని. "నోరుంది గదయ్యా, చెప్పొచ్చు గదా," అని పిన్ని చేయి లాక్కునేది. లాక్కునేది గానీ వేళ్లు లెక్కపెట్టాకే లాక్కునేది.

విమానం దిగి వచ్చిన ప్రతిసారీ కబుర్లు ఉండేవి. హైదరాబాదు దాకా బస్సులో వెళ్లి బేగంపేటలో విమానం ఎక్కేవాడు. శాంపిల్ పొట్లాలు చేతిసంచీలోనే.

"తలుపులేసి పది నిమిషాలైంది. ముందు వరసలో కోటు తొడుక్కున్నాయన తుమ్మాడు. ఆయన పక్కనావిడ తుమ్మింది. ఆ వెనక ముగ్గురు. అప్పుడర్థమైంది, పొట్లం సీలు ఊడిందని. ఎయిర్ హోస్టెస్ వచ్చి, సార్, మీ సంచీలో ఏముంది అంది. ఏం లేదమ్మా, మా ఊరు అన్నా."

షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కులకి కట్టుకున్న గుడ్డలు కిందికి లాగి మరీ నవ్వేవాళ్లు. వాళ్లలో పెద్దది మరియమ్మ. విమానంలో పళ్లెంలో పెట్టి ఇచ్చే చాక్లెట్లు ఈయన గుప్పెడు తీసుకుని వాళ్లకి తెచ్చేవాడు. చెవుల్లో పెట్టుకునే దూది పొట్లాలు, చిన్న చిన్న ఉప్పు పొట్లాలు కూడా తెచ్చేవాడు.

"ఏమయ్యా, పైనించి చూస్తే మన కల్లాలు కనపడతయ్యా?" అంది మరియమ్మ ఒకసారి.

"కనపడతయ్యి. ఎర్రగా దుప్పట్లు పరిచినట్టుంటయ్యి. నువ్వు ఖాళీగా కూర్చున్నావని కూడా కనపడింది."

"ఆ మాట మేస్త్రికి చెప్పబాక. ఇంకో చాక్లెట్టు ఇచ్చిపో."

ఆయనకి ఆ విమానం కంపెనీ ఒక కార్డు ఇచ్చింది. ఎక్కిన ప్రతిసారీ పాయింట్లు వేస్తారు, అవి పోగైతే డబ్బు కట్టకుండా టికెట్టు ఇస్తారు. మొదట నీలం కార్డు, తర్వాత వెండిరంగు కార్డు. వెండిరంగు వచ్చిన రోజు మా కాటా గదికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "దీంతో ఏసీ గదిలో కూర్చోబెట్టి ఇడ్లీ పెడతారంట. పది కిలోలు అదనంగా సామాను తీసుకుపోవచ్చంట. అంటే ఇంకో మూడు రకాల శాంపిళ్లు పడతయ్యిరా." వాళ్ల యజమాని మాత్రం, "టికెట్టు కొనేది నేను, పాయింట్లు నీకా?" అని ఎగతాళి చేసేవాడు. "తుమ్ములు నాయి గదండీ," అనేవాడు ఈయన.

పాయింట్లు దేనికో అందరికీ తెలుసు. పిన్నికి ఒక అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే పిన్నిని పెంచింది, జడలు వేసింది, బడికి పంపింది. పెళ్లయ్యాక భర్త పని కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. పిన్ని ఒకసారి ఓడలో వెళ్లింది. మూడు రోజులూ వాంతులే. దిగేటప్పటికి మనిషిని స్ట్రెచర్ మీద దించారు. మళ్లీ ఓడ ఎక్కితే మీదే పూచీ అన్నాడు డాక్టరు. విమానం టికెట్టు ఆ రోజుల్లో ఆయన జీతానికి అందేది కాదు. అక్కకేమో షుగరు. కళ్ల మీదకి వస్తోందని, చూపు మెల్లగా తగ్గుతోందని ఫోన్లో చెప్పింది. "కళ్లు పూర్తిగా పోకముందు నీ మొహం ఒకసారి చూపించి పోవే," అందట. ఆ మాట పిన్ని నాకు చెప్పినప్పుడు నీళ్లు కాస్తూ పొయ్యి వంకే చూస్తూ చెప్పింది. బాబాయ్ ఆ మాట విన్నప్పటి నుంచి బోర్డింగ్ పాసుల ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో వేసి పురికొసతో కట్టడం మొదలుపెట్టాడు. రెండు టికెట్లు కావాలి. రానూ పోనూ.

ఆ పాయింట్ల కాయితాలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. చదివి పెట్టేది నేను.

నేను చదువుకుంది పదో తరగతి. ఇంగ్లీషు నేర్చుకుంది శాఖా గ్రంథాలయంలో. డ్యూటీ దిగాక వెళ్లి, ఇంగ్లీషు పేపరు ఒక పక్క, చివర్లు చిరిగిన నిఘంటువు ఇంకోపక్క పెట్టుకుని, తెలియని మాటలు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఏళ్ల తరబడి అలా చేశాను. లైబ్రేరియన్ నా కోసం కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంచేవాడు. కోల్డ్ స్టోరేజీలో ఎవరికి ఇంగ్లీషు కాయితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. చేతులు కడుక్కుని, కళ్లజోడు సర్దుకుని, ఒకసారి గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. ఆ పది నిమిషాలు కాటా గుమస్తాని అనే సంగతి మర్చిపోయేవాణ్ణి.

విమానం కంపెనీ మర్యాదలు తగ్గించడం చాక్లెట్లతో మొదలైంది. ఒకరోజు బాబాయ్ ఉత్తచేతులతో వచ్చాడు. "చాక్లెట్లు ఆపేశారు," అన్నాడు, ధర పడిపోయిందని చెప్పినట్టు. తర్వాత దూది పోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం భోజనం బదులు చల్లటి బ్రెడ్డుముక్క ఇచ్చారు. ఆ తర్వాత అదనపు పది కిలోలు అయిదైంది. ఏసీ గదిలో ఇడ్లీ వెండిరంగు కార్డువాళ్లకి లేదన్నారు, బంగారురంగు ఉండాలట. బంగారురంగుకి ఇన్నిసార్లు ఎక్కాలన్నారు. ఆయన అన్నిసార్లూ ఎక్కాడు. అప్పటికి ఇంకా కొన్నిసార్లు ఎక్కాలన్నారు.

"ఈసారి ఏం పీకారు బాబాయ్?" అనేవాళ్లు హమాలీలు.

"దిండు."

"ఇంకా సీటన్నా ఇస్తన్నారా, నిలబడే పోతన్నావా?"

"నిలబడితే ఇంకో యాభైమంది పడతారని వాళ్లకింకా తట్టలేదురా. మీరు చెప్పబాకండి."

నవ్వించేవాడు గానీ, వాళ్లు వెళ్లిపోయాక నా బల్ల దగ్గర కూర్చుని గుడ్డతో మెడ తుడుచుకుంటూ అడిగేవాడు. "ఇడ్లీ పోతే పోయింది. ఆ పాయింట్లు మాత్రం అట్నే ఉంటయ్యి గదరా?"

ఒకరోజు దానికి నేనొక జవాబు చెప్పాను. ఆ జవాబు నాకప్పుడు చాలా నచ్చింది.

"బాబాయ్, మా దగ్గర మిర్చి టిక్కీలు పెడితే బస్తాల లెక్కన చీటీ ఇస్తాం గదా. ఏడాది తర్వాత చీటీ తెచ్చినా అదే టిక్కీ, అదే రంగు. బయట మార్కెట్టు ఏమైనా కానీ, లోపల సరుకు సరుకే. ఇదీ అంతే. నీ పాయింట్లు కోల్డ్ స్టోరేజీలో ఉన్నయ్యి."

ఆయన మొహం విచ్చుకుంది. యార్డంతా తిరిగి ఆ మాట చెప్పాడు. "మావాడు చదువుకున్నోడు. ఎట్టా చెప్పాడో చూడండి," అని.

ఆ సంక్రాంతి వెళ్లాక కొత్తకాయ రావడం మొదలైంది. ఒక పొద్దున ఆయన కవరు పట్టుకుని వచ్చాడు. విమానం కంపెనీ దగ్గర్నుంచి ఉత్తరం. మంచి మందపాటి కాయితం, ఒక వైపు పెద్ద అక్షరాలు, వెనక వైపు చీమల బారుల్లాంటి పట్టికలు. అప్పటికి రెండు టికెట్లకి సరిపడా పాయింట్లు చేరాయి. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు, మరియమ్మకి కూడా తెలుసు. కానీ సీజన్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో కాలు పెట్టడానికి సందుండదు. ఈయన సెలవంటే యజమాని ఒప్పుకోడు.

"చదువురా. ఇప్పుడే తియ్యమంటావా, సీజను అయినాక తియ్యొచ్చా? యార్డుకి మేలో సెలవులు గదా, అప్పుడైతే నిదానంగా నెల్లాళ్లు ఉండి రావచ్చు."

నేను మొదటి పేజీ చదివాను. గౌరవనీయులైన సభ్యులకు మరింత మెరుగైన సేవలు అందించడానికి పథకాన్ని కొత్తగా తీర్చిదిద్దుతున్నామని, మీ విశ్వాసానికి కృతజ్ఞతలని రాశారు. చదివి తెలుగులో చెప్పాను. హమాలీలు నలుగురు గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"వెనక కూడా ఏదో ఉందిరా."

"ఊళ్ల పేర్లు బాబాయ్. పట్టికలు. ఏదో మెరుగుపరుస్తున్నారంట, నీకు మంచిదే. మేలో తీసుకో. ఎక్కడికి పోతయ్యి?"

ఆ సమయానికి కాటా మీదకి లారీ వచ్చిందని, అందుకే వెనక పేజీ చదవలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. లారీ రాలేదు. ఆ పేజీలో మొదటి వాక్యంలోనే నాకు తెలియని మాటలు మూడు కనిపించాయి. గ్రంథాలయానికి తీసుకెళ్లి, నిఘంటువు చూసి, సాయంత్రానికి చెప్తానని అంటే సరిపోయేది. గుమ్మంలో నలుగురు నిలబడి ఉన్నారు. అనలేకపోయాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే మేలో," అన్నాడు. ఇంటికెళ్లి పిన్నితో చెప్పాడు. ఆ నెలలోనే పిన్ని పండుమిరపకాయ పచ్చడి ఒక జాడీ ప్రత్యేకంగా పెట్టింది. దాని మూతికి గుడ్డకట్టి, ఎవరూ ముట్టుకోకుండా అటక మీద పెట్టింది. అక్కకి.

మే నెలలో యార్డు మూసిన మూడో రోజు, నేనూ ఆయనా హైదరాబాదు వెళ్లాం. ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే ఉంటానని నన్ను తీసుకెళ్లాడు. విమానం కంపెనీ ఆఫీసు అద్దాల గది. చల్లగా ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా, భుజాన ఉతికిన తుండుగుడ్డ. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో కార్డు, కాయితాలు, ఆ ఉత్తరం. కౌంటర్లో అమ్మాయి తెలుగమ్మాయే. నా ఇంగ్లీషుతో పని పడలేదు.

"పోర్ట్ బ్లెయిర్‌కి రెండు, రానూ పోనూ," అన్నాడు ఆయన, సినిమా టికెట్లు అడిగినంత హుషారుగా.

ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసింది. ఇంకోసారి చూసింది. "సార్, ఏప్రిల్ ఒకటి నుంచి చార్ట్ మారింది. పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు చాలా ఎక్కువ పాయింట్లు కావాలి. మీకు సరిపోవు."

"ఎంత తక్కువైనయ్యమ్మా?"

"అదీ కాక మూడేళ్లు దాటిన పాయింట్లు మార్చి ముప్పై ఒకటితో రద్దయ్యాయి సార్. మిగిలినవాటితో ఒక్క టికెట్ కూడా రాదు. ఢిల్లీకైతే ఒకవైపు ఇవ్వగలను."

"ఢిల్లీలో నాకెవరున్నారమ్మా, మిరపకాయలు కొనేవాళ్లు తప్ప?"

ఆ అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. ఆయన కొంచెంసేపు కౌంటరు వంక చూశాడు. తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ నా కళ్లకి కట్టినట్టుంటుంది. భుజం మీది తుండుగుడ్డ తీసి తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని మెల్లగా కౌంటరు మీదుగా ఆ అమ్మాయి వైపు జరిపాడు.

"ఎక్కడో ఒకచోట కలుద్దాం తల్లీ. నువ్వో మాట చెప్పు, నేనో మాట చెప్తా."

ఆ అమ్మాయి ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. "బాబాయ్, ఇది యార్డు కాదు," అన్నాను, పళ్లు బిగించి. నాకు ఆ క్షణంలో ఆయన పక్కన నిలబడటం సిగ్గుగా ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని గుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"అమ్మా, మార్చిలో నా దగ్గర సరిపడా ఉన్నయ్యి గదా. మీరే వేశారు గదా అవి."

"మార్చిలో తీసుకుని ఉంటే రెండు టికెట్లూ వచ్చేవి సార్. అందుకే జనవరిలోనే అందరికీ లెటర్ పంపాం. కొత్త చార్టు, ఆఖరి తేదీ అన్నీ వెనక పేజీలో ఉన్నాయి. మీకు అందలేదా?"

ఆ ఉత్తరం ఆయన చేతిలోని ఫైల్లోనే ఉంది. ప్లాస్టిక్ లోంచి పైన ముద్రించిన బొమ్మ కనపడుతోంది కూడా. ఆయన నా వైపు తిరుగుతాడని ఎదురు చూశాను. తిరగలేదు. ఫైలుని బోర్లా తిప్పి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"లెటరు రాలేదమ్మా," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సూర్యాపేట దాకా బయటికే చూశాడు. సూర్యాపేటలో టీ తాగి వచ్చి కూర్చుని, "ఇప్పుడేం పుస్తకం చదువుతున్నావురా?" అని అడిగాడు. నేనేదో చెప్పాను. దాని కథంతా చెప్పించుకుని గుంటూరు దాకా విన్నాడు.

జూలైలో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫోను వచ్చింది. అక్కకి ఒక కంట్లో రక్తం దిగింది, రెండోది అప్పటికే మసక. ఆపరేషన్ చేశారు. చూపు నిలబడలేదు. పిన్ని ఆ జాడీ అటక మీద నుంచి దించలేదు.

ఆ ఏడాది చివరికి చౌక విమానాలు వచ్చాయి. తర్వాతి మే సెలవుల్లో వాటిలో వెళ్లారు ఇద్దరూ. మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి ఆ విమానంలో. బాబాయ్ స్టీలు చెంబులో తీసుకెళ్తానని సెక్యూరిటీ దగ్గర గొడవపడ్డాడట. వచ్చాక హమాలీలు చుట్టూ చేరారు. "ఏం పెట్టారు బాబాయ్, ఏం పీకారు?" అని. "బాగానే ఎగిరిందిరా," అన్నాడు, అంతే. మిగతాది పిన్ని చెప్పింది. అక్క గుమ్మంలో కూర్చుని ఉందట. పిన్ని గొంతు విని రెండు చేతులూ చాపి, మొహం మొత్తం తడిమి, చెంపల దగ్గర ఆగి, "జడ ఎవరేస్తన్నారే నీకు?" అందట. ఇద్దరికీ అప్పటికి జుట్టు నెరిసిపోయింది.

నేను చెప్పాలనుకోలేదని కాదు. ఒకసారి గట్టిగా నిశ్చయించుకుని, కాటా గది ఖాళీగా ఉన్న సమయం చూసి మొదలుపెట్టాను.

"బాబాయ్, ఆ లెటరు వెనక పేజీ..."

"ఏ లెటరురా? రాలేదు గదా."

"బాబాయ్, నేను..."

ఆయన గుడ్డ తీసి నా చెయ్యి మీద కప్పాడు. కింద నా అయిదు వేళ్లూ కలిపి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ చెయ్యి కరకరలాడే కాయలాగా పొడిగా ఉంది. నొక్కి వదిలేసి, గుడ్డ దులుపుకుని, "కొత్త శాంపిల్ వచ్చిందంట, పద చూద్దాం," అని లేచాడు. బేరం కుదిరాక మాట మారదు. ఆ బేరం ఒప్పుకున్నావా అని నన్నడిగితే లేదనే చెప్తాను. కానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

తర్వాత శాంపిళ్లు కొరియర్లో పోవడం, ఫోన్లో ఫోటోలు పంపడం వచ్చాయి. ఆయన తిరగాల్సిన పని లేకుండా పోయింది. యార్డుకి మాత్రం వచ్చేవాడు, ఎవరికీ అవసరం లేకపోయినా కాయ విరిచి వాసన చూసి, ఏ ఊరిదో చెప్పి వెళ్లేవాడు. ఒక వేసవిలో నిద్రలోనే పోయాడు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఎడమచెయ్యి కంటి దగ్గరే ఉంది.

దినం అయిన నెలకి పిన్ని కబురంపింది. వెళ్తే బిస్కెట్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పురికొస విప్పి ఉంది. బోర్డింగ్ పాసుల ముక్కల మీద అక్షరాలు చాలావరకు చెరిగిపోయి తెల్లకాయితాల్లా ఉన్నాయి. వెండిరంగు కార్డు ఉంది. అడుగున నాలుగు మడతలు వేసిన మందపాటి కాయితం ఉంది. మడత చూడగానే నాకు తెలిసింది.

"ఇదేందో ఇంగ్లీషు కాయితంరా. పెన్షన్ కాయితమేమో అని పక్కన పెట్టా. చదివి పెట్టు."

పాత ప్రకటన పిన్నీ, పారెయ్యి అనొచ్చు. ఆవిడ పారేసేది. మొదటి పేజీ చదివి, ఏదో మెరుగుపరుస్తున్నారంట అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"విమానాలంటే నాకు కోపమేం లేదురా," అంది పిన్ని డబ్బా మూత తుడుస్తూ. "ఈయన మీదే. అందరికీ వచ్చిన లెటరు మనకెందుకు రాలేదని కనుక్కోవాలా వద్దా? పోస్టాఫీసుకెళ్లి అడగాలా వద్దా? ఇన్నేళ్లూ సాధించాను ఆయన్ని. పండగొస్తే అదే, పబ్బమొస్తే అదే. ఒక్కనాడు ఎదురు చెప్పలా. మడతమంచం మీద కూర్చుని వినేవాడు."

నేను కాయితం వెనక్కి తిప్పాను. ఇప్పుడా పేజీలో నాకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు. పైనుంచి కింద దాకా, పట్టికతో సహా, పోర్ట్ బ్లెయిర్ పేరు, పాత పాయింట్లు, కొత్త పాయింట్లు, మార్చి ముప్పై ఒకటి, అన్నీ చదివి తెలుగులో చెప్పాను. ఇది ఏ నెలలో వచ్చిందో, ఎవరు చదివారో, ఎంతవరకు చదివారో, ఎవరు మేలో తీసుకోమన్నారో చెప్పాను.

పిన్ని డబ్బా తుడవడం ఆపింది.

"ఆయనకి తెలుసా?"

"ఆఫీసులో నా పక్కనే ఉన్నాడు పిన్నీ. ఈ కాయితం ఆయన చేతిలోనే ఉంది."

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ లేచి దండెం మీది తుండుగుడ్డ తీసి, మడతపెట్టి, మళ్లీ విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మార్చికి అక్కకి చూపుందిరా," అంది. "సూదిలో దారం ఎక్కించుకుంటున్నా అని ఫోన్లో చెప్పింది."

ఉత్తరం ఇంకా నా చేతిలోనే ఉంది.